పైకప్పులో చేప

మా వీధిలో నా గొంతు సంగతి ఎవరినడిగినా చెబుతారు. మిషన్ ముందు కూర్చుని జాకెట్ కుడుతూ మా ఆయన్ని అన్నానికి పిలిచానంటే, రోడ్డు మీద షేర్ ఆటో కోసం నిలబడ్డవాళ్లు కూడా ఒకసారి ఇటు తిరిగి చూస్తారు. కుట్టుపని ఇవ్వడానికొచ్చే ఆడవాళ్లు చెవులు మూసుకున్నట్టు నటిస్తారు. "నీకు ఫోన్ ఎందుకక్కా, గోదావరి అవతలికి గూడ ఇనవడ్తది" అని ఒకామె ఎప్పుడూ అంటుంది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. నోరు లేకపోతే గోదావరిఖనిలో బతకగలమా అనేదాన్ని. ఈమధ్య ఎవరైనా నా గొంతు మాట ఎత్తితే మాత్రం మిషన్ వదిలి లోపలికి వెళ్లిపోతున్నాను. అదెందుకో చెప్పాలంటే, చాలా ఏళ్లు మా మంచం కింద గోనెసంచిలో పడి ఉన్న ఒక రాయి గురించి చెప్పాలి.

రొట్టెలు చేసే పీటంత వెడల్పు, బూడిద రంగు. దాని మీద ఒక చేప. ఎవరో చెక్కింది కాదు. ఒకప్పుడు ఈదిన చేపే అలా రాయైపోయింది. పెద్ద తల, పొడుగాటి దవడ, ఒంటి నిండా నల్లటి పొలుసులు. మిషన్ నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటాయవి. దవడలో పళ్లు సూది మొనల్లా ఉంటాయి. సూదులతో పొద్దస్తమానం పనిచేసేదాన్ని, నాకే ఆశ్చర్యం, అంత సన్నటి మొనలు రాయిలో విరక్కుండా ఎలా నిలిచాయో అని. తోక లేదు. అక్కడికి వచ్చేసరికి రాయి విరిగిపోయింది. మా ఆయన దాన్ని కొర్రమట్ట అనేవాడు, కొర్రమీనును మా వైపు అలా అంటారు. నేను ముదనష్టపు చేప అనేదాన్ని.

మా ఆయన బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపలి గనిని మా దగ్గర బాయి అంటారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం, వదులుగా ఉన్న రాళ్లను ముందే పడగొట్టడం ఆయన పని. ఏ రాయి గట్టిదో ఏది వదులుదో కంటికి తెలియదు. ఇనుప కడ్డీతో పైకి కొట్టి వింటారు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన బండ బొద్దుమని డొల్లగా పలుకుతుంది. ఖంగుమంటే దాని కింద నిలబడి పని చేసుకోవచ్చు, బొద్దుమంటే వెనక్కి జరగాలి. అంతే విద్య. షిఫ్టులో ఉన్నవాళ్ల ప్రాణాలన్నీ ఆ చప్పుడు మీదే ఉంటాయి.

బెల్లంపల్లిలో మా నాన్నదీ అదే పని. ఇంట్లో ఆయన కొట్టి చూడని వస్తువు లేదు. గోడలు, కుండలు, పుచ్చకాయలు, చివరికి మా తలలు. "గిది డొల్ల" అంటూ నా నెత్తి మీద వేలితో మొట్టి నవ్వేవాడు. అందుకని ఆ రెండు చప్పుళ్లు అమ్మకు కాపురంతో, నాకూ తమ్ముడికీ ఉగ్గుపాలతో వచ్చాయి.

నాన్నకు ఊపిరితిత్తులు పాడై డ్యూటీకి పనికిరాడన్నాక ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. గోదావరిఖనిలోనే, మా ఆయన దిగే బాయిలోనే వేశారు. మా ఇంట్లోనే ఉండేవాడు. నాన్న దగ్గి దగ్గి పోయింది చూసిన మనిషి కదా, కొడుకును బాయిలోకి దింపడం అమ్మకు ససేమిరా ఇష్టం లేదు. ఏడ్చింది, అన్నం మానేసింది. అప్పుడు మా ఆయన బెల్లంపల్లి వెళ్లి అమ్మ ముందు కూర్చుని మాటిచ్చాడు.

"ఫికర్ చెయ్యకత్తమ్మా. వాడు నా ఎంబడే ఉంటడు. నేను రూఫు కొట్టి చూడందే వాణ్ని ఒక్క అడుగు ముంగటికి వెయ్యనియ్య."

అమ్మ కళ్లు తుడుచుకుని లేచి పొయ్యి వెలిగించింది. ఆ మాట మీద అంత నమ్మకం ఆమెకు. నాకూ అంతే నమ్మకం, ఇంకా చెప్పాలంటే గర్వం.

తమ్ముడిది వెటకారం నోరు. ఎదుటి మనిషిని ఒక మాట అనకుండా గడప దాటడు. ఒక మిరుగు రోజు సంగతి చెబుతాను. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేము మిరుగు అంటాం. ఆ రోజు మా వైపు ఏ ఇంట్లో చూసినా చేపలే. తమ్ముడు డ్యూటీ దిగి మార్కెట్ మీదుగా సంచి పట్టుకుని వచ్చాడు. నేను వంటింట్లోంచి మా ఆయన్ని పిలుస్తున్నాను, మసాలా నూరడానికి చెయ్యి సాయం కావాలని. వాడు గుమ్మంలో నిలబడి, "సందు మొగన్నే ఇనవడ్డదక్కా నీ గొంతు. మా అక్క చేపలమ్మవట్టిందనుకున్న. తెలిస్తే బయట కొనకపోదును కద" అన్నాడు. సంచిలో కొర్రమట్టలు ఇంకా కొట్టుకుంటున్నాయి. నేను చీపురు తీసుకుని వాడి వెంట పడ్డాను. మా ఆయన మంచం మీద కూర్చుని మా ఇద్దర్నీ చూసి నవ్వుతున్నాడు. ముగ్గురం చేతులకు పులుసు ఎండిపోయేదాకా కూర్చుని తిన్నాం. వాడు మా ఇంట్లో తిన్న ఆఖరి మిరుగు అదే.

ఆ ఏడు చలికాలంలో వాడు పోయాడు. పొద్దటి షిఫ్టు. మా ఆయన పైకప్పు కొట్టి చూసి, బాగుందని చేత్తో సైగ చేసి, దిమ్మె అందుకోవడానికి వెనక్కి తిరిగాడట. తమ్ముడు ముందుకు నడిచాడు. రాయి దిగింది. "చిటుక్కుమని గూడ అనలేదే. చప్పుడే లేదు. తిరిగి చూసేసరికి వాడు లేడు" అని మా ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. దవాఖాన బయట చెప్పాడు, బెల్లంపల్లికి శవాన్ని తీసుకెళ్తున్న బండిలో చెప్పాడు, ఆ తర్వాత ఏళ్ల తరబడి అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి చెప్పాడు.

అమ్మ గుండెలు బాదుకోలేదు. అందర్నీ తప్పించుకుని మా ఆయన దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"కొట్టి చూసినవా బిడ్డా?"

"చూసిన అత్తమ్మా. ఖంగుమన్నది."

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "ఖంగుమన్న రాయి పడదు" అంది. అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. దినాలయ్యాక మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. మా ఇంటి గడప తొక్కలేదు. నేను ఒక్కదాన్నే బెల్లంపల్లి వెళ్లి వచ్చేదాన్ని. అల్లుడి ఊసు వస్తే అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆయన కొట్టి చూడలేదని, బద్ధకించి అబద్ధం చెబుతున్నాడని అమ్మ లోపల స్థిరపడిపోయింది. నాకు తెలుసు ఆయన అబద్ధం ఆడే మనిషి కాదని. కానీ అమ్మ అన్న మాట కూడా నిజమే కదా. ఖంగుమన్న రాయి పడదు. మా నాన్న చెప్పేది కూడా అదే. ఈ రెండు నిజాల మధ్య నేను నలిగిపోయాను.

కూలిన రాళ్లు ఎత్తే రోజున మా ఆయన ఆ ముక్కను తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. నేల మీద పెట్టి, తడిగుడ్డతో తుడిచి, చేపను నాకు చూపించాడు.

"గిది రూఫుల ఉండె. రాయిల రాయి కలిసే ఉంటది గని, చేప ఉన్నకాడ కలవలే. నున్నగ ఉన్నది చూడు. గందుకే జారింది. బయటికి గట్టిగనే మోగుతది, లోపట ఇది ఉన్నదని ఎవనికి తెలుస్తది?"

నాకేం తెలుస్తుంది? తల ఊపాను. ఆ రోజు నుంచి ఆయన తప్పంతా ఆ చేప మీద పెట్టాడు. "నా బామ్మర్దిని గది మింగింది" అనేవాడు. మొదట్లో ఇరుగుపొరుగు పాపం అన్నారు. తర్వాత్తర్వాత ఆయన సంచి విప్పబోతుంటే పని ఉందని లేచి వెళ్లిపోయేవాళ్లు. మా ఇంట్లో చేప వండటం ఆగిపోయింది. మిరుగు నాడు వాడంతా పులుసు వాసన వస్తుంటే మేము చేపలు తినని వాళ్లలాగా ఇంగువ బెల్లం ఉండ నోట్లో వేసుకుని కూర్చునేవాళ్లం. నాకు చేపలంటే ప్రాణం. నా నాలుకను కూడా ఆ చేపే మింగింది.

ఆయన పదవీ విరమణ అయింది. ఆ బాయి కూడా మూసేశారు. తమ్ముడు పోయిన చోటును అంతకుముందే గోదావరి ఇసుకతో నింపేశారు. ఇక పగలంతా మనిషి ఇంట్లోనే. ఇద్దరికీ పడేది కాదు. పక్కనే కుక్కర్ కూతలు పెడుతున్నా లేచి స్టవ్ ఆపడు. ఫోన్ మోగి మోగి ఊరుకుంటుంది, తియ్యడు. నేను మిషన్ వదిలి పరుగెత్తాలి. "కూసున్నోనివి కూసున్నట్టే ఉంటవ్, జర లేసి బంద్ చెయ్యరాదా" అని ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆయన నా ముఖంలోకి తాపీగా చూసి, "ఏందే, ఎందుకొర్రుతున్నవ్" అనేవాడు. బద్ధకం అనుకున్నాను. పెళ్లాం మాటంటే లెక్కలేదనుకున్నాను. దిగులు పట్టిన మనిషి, పోనీలే అని కూడా కొన్నిసార్లు అనుకున్నాను.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె, కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు గారి భార్య, ఒకరోజు కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆయన సంచి విప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె లేచి వెళ్లిపోలేదు. కిందికి వంగి చూసింది, ఫోన్‌తో ఫొటో తీసింది. తన చుట్టాల్లో ఒకాయనకు ఇలాంటివంటే పిచ్చి అని పంపించింది. ఆ ఆదివారమే ఆ చుట్టం హైదరాబాద్ నుంచి కారేసుకుని మా ఇంటి ముందు దిగాడు.

నడివయసు మనిషి, మెత్తటి మాట. ఇంట్లో అద్దాల బీరువాల నిండా ఇలాంటి రాళ్లే ఉన్నాయని ఫొటోలు చూపించాడు. మనం దేవుడి పటాలు పెట్టుకున్నట్టు ఒక్కోదాని వెనక దీపం. మా చేప ముందు మోకాళ్ల మీద కూర్చుని, చిన్న బ్రష్‌తో దుమ్ము దులిపి, భూతద్దం పెట్టి దవడ మొత్తం చూశాడు.

"ఇది వేటాడి బతికిన చేపండి. ఈ పళ్లు చూశారా, లోపలికి వంగి ఉన్నాయి. ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. రాక్షసబల్లులు పుట్టకముందు సంగతి. మీ బొగ్గు అడవిగా ఉన్న రోజుల్లో ఆ నీళ్లలో తిరిగింది." తర్వాత తల ఎత్తి, "దీనికి జోడు ఉండాలండి. రాయి రెండుగా విడిపోతే చేప ఒకదానిలో, దాని అచ్చు ఇంకోదానిలో మిగులుతాయి. ఆ రెండో ముక్క, ఈ విరిగిన తోక ముక్క ఎక్కడున్నాయి?" అన్నాడు.

"అవి రూఫులనే ఉండిపోయినయ్ సారూ" అన్నాడు మా ఆయన. "ఇసుకల కలిసిపోయినయ్."

ఆ మనిషి ముఖం చిన్నబోయింది. అయినా తీసుకుంటానన్నాడు. ఎంత ఇమ్మంటారు అని అడిగాడు. మా ఆయన ఆ మాటే పట్టించుకోలేదు. ఆ మనిషి పెదవుల వైపే చూస్తూ ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఒక్క ముచ్చట చెప్పు సారూ. గిట్ల లోపట చేప ఉంటే, రాయి గక్కడనే విడుస్తదా?"

"విడుస్తుందండి. మేము చేపల కోసం రాయి పగలగొడితే ఎక్కువగా అక్కడే విచ్చుకుంటుంది."

"బయటికి తెలుస్తదా?"

"చూడ్డానికైతే ఏమీ తెలియదండి."

మా ఆయన ఏడ్చాడు. తమ్ముణ్ని మోసుకొచ్చిన రోజున కూడా ఏడవని మనిషి, మోకాళ్లలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పరాయి మనిషి ముందు ఏమిటీ ఏడుపు అనిపించినా లేపబుద్ధి కాలేదు. కాసేపటికి ముఖం తుడుచుకుని తన బేరం చెప్పాడు. పైసలు వద్దు. రాయి ఊరికే తీసుకుపోవచ్చు. కాకపోతే బెల్లంపల్లి వచ్చి, ఇప్పుడు చెప్పిన మాటే మా అత్తమ్మకు చెప్పాలి.

ఆ మనిషి నావైపు చూశాడు. నేను జరిగింది చెప్పాను. ఎలాగూ ఆసిఫాబాద్ వైపు రాళ్లు చూసుకోవడానికి వెళ్తున్నాడట, దారిలోనే కదా, రండి అన్నాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రాయిని గోనెసంచిలో చుట్టి కారులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాంతోపాటు ఇంట్లో ఉన్న పొట్టి ఇనుప కడ్డీ కూడా తీసుకున్నాడు. అదెందుకని నేను అడగలేదు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి ఎన్నేళ్లయిందో. దారిపొడుగునా దేవుడా, ఈ ఒక్కటి జరగనియ్యి అనుకుంటూ కూర్చున్నాను. అమ్మ ఆయన్ని బిడ్డా అని పిలిస్తే చాలు, నాకింకేం వద్దు అనుకున్నాను.

అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. మిరుగు దగ్గర్లోనే ఉంది, పక్కింట్లో ఎవరో అప్పుడే చేపలు వేయిస్తున్నారు. అల్లుణ్ని చూసి లేవబోయింది. నేను భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. వచ్చినాయన చెప్పులు విప్పి, గడప దగ్గర కూర్చుని, రాయి విప్పి, ఎంతో ఓపిగ్గా చెప్పాడు. చేప ఎలా బురదలో పడింది, బురద ఎలా రాయైంది, ఆ పొర ఎందుకు అతకదు, అన్నీ చెప్పాడు. అమ్మ చేపను కాసేపు చూసింది. వేలితో ఒకసారి పళ్లను తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయితే కొట్టి చూసినా తెల్వదా?" అని అడిగింది.

ఆ మనిషి తడబడ్డాడు. "కొట్టి చూడ్డం గురించి నాకు తెలియదమ్మా. చూడ్డానికైతే తెలియదు."

అమ్మ ఆ ప్రశ్న మా ఆయన వైపు తిరిగి గట్టిగానే అడిగింది కాబట్టి ఆయనకు అందింది. ఆయన ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు. కడ్డీ అందుకుని, గడప ముందు పరిచిన బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"సూడత్తమ్మా. గిది నీ గడప బండ. నేల మీద కదలకుంట ఉన్న గట్టి బండ." కడ్డీతో కొట్టాడు. బండ ఖంగుమంది.

"ఇగ గిది." రాయిని ఒక చేత్తో పైకి లేపి పట్టుకుని, చేప తల పక్కన కొట్టాడు. బొద్దుమంది. మళ్లీ కొట్టాడు. బొద్దుమంది. పగుళ్లిచ్చిన కుండ పలికినట్టు డొల్లగా, వాకిట్లో ఉన్న పిచ్చుకకైనా తెలిసేలా.

"అయ్యో, కొట్టకండి, లోపల ఇంకో పొర వదిలేసింది, విరిగిపోతుంది" అన్నాడు వెనక నుంచి ఆ మనిషి.

మా ఆయన వెనక్కి తిరగలేదు. కడ్డీ కింద పెట్టి, అమ్మ ముఖంలోకి చూసి నవ్వాడు.

"ఇన్నవా అత్తమ్మా? రెండూ ఒక్క తీరే. ఆనాడు గూడ గిట్లనే మోగింది. గిట్లనే, అచ్చం గిట్లనే."

అమ్మ చేతిలో చాట అలాగే ఉంది, బియ్యం ఒక పక్కకు జారి నేల మీద పడుతున్నాయి. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. మా ఇంట్లో బతికిన వాళ్లకు ఆ చప్పుడు ఏమిటో ఒకరు చెప్పాలా? హైదరాబాద్ మనిషికే తెలిసింది. అబద్ధం ఆడుతున్నాడని అమ్మ అనుకుంది. ఆయన అబద్ధం ఆడలేదు. కొట్టాడు, విన్నాడు, ఖంగుమందనే అనుకున్నాడు.

అమ్మ లేచింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"తాగు బిడ్డా" అంది, ఆయన ముఖానికి ఎదురుగా వంగి.

ఆయన రెండు చేతులతో చెంబు పట్టుకుని తాగుతున్నాడు. నీళ్లు గడ్డం మీద నుంచి ఇస్త్రీ చొక్కా మీదికి కారుతున్నాయి, కళ్లు మూసుకున్నాడు. అమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. ఆయన మా ముందే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు. అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఎప్పటి సంది?"

"ఏమో" అన్నాను.

"కాపురం చేసేదానివి. నీకు తెల్వదా?"

నేను కింద పడ్డ బియ్యం ఎత్తడానికి వంగాను. ఆయన చెంబు దించి, తృప్తిగా మా ఇద్దరి వంక చూశాడు.

వచ్చినాయన రాయిని పాత దుప్పట్లో చుట్టుకుని, నా ముఖం చూడకుండా నమస్కారం పెట్టి, ఆసిఫాబాద్ వైపు వెళ్లిపోయాడు. మా ఇంట్లోంచి ఆ పీడ విరగడ కావాలని ఎన్నిసార్లు మొక్కుకున్నానో. కారు మలుపు తిరుగుతుంటే వెనక పరుగెత్తి వెనక్కి తెచ్చుకోవాలనిపించింది. అది మంచం కింద ఉన్నన్నాళ్లూ మాకు తప్పు పెట్టడానికి ఒక చేపైనా ఉండేది. అమ్మ మాకు అన్నం పెట్టింది. ఆయన విస్తరిలో రెండోసారి, మూడోసారి వడ్డించింది. బస్టాండుకు వెళ్లే ఆటో ఎక్కేటప్పుడు ఆయన తల నిమిరింది. నాతో మాట్లాడలేదు.

మంచిర్యాలలో బస్సు మారాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నాకు మాత్రం అమ్మ ప్రశ్న చెవుల్లోనే ఉంది. ఎప్పటి నుంచి? ముసలితనం వల్ల ఈమధ్యనే వచ్చిందేమో, తమ్ముడు పోయిన దిగులుతో వచ్చిందేమో, ఆ రోజున బాగానే వినపడిందేమో అని ఎంత ఆశపడ్డానో దేవుడికే తెలియాలి. ఆలోచించి ఆలోచించి ఒక్కటి గుర్తొచ్చింది. నాకు పుట్టుకతో ఈ గొంతు లేదు. పెళ్లికి ముందు నా మాట పక్కింటికి కూడా వినపడేది కాదు. ఒకసారి పిలిస్తే పలకని మొగుణ్ని రెండుసార్లు, మూడుసార్లు పిలిచి పిలిచి, వంటింట్లోంచి, మిషన్ ముందు నుంచి అరిచి అరిచి తెచ్చుకున్న గొంతు ఇది. సందు మొగకు వినపడేంత పెద్దది అయిపోయిందని నాకు మొట్టమొదట చెప్పింది ఎవరు? మా తమ్ముడే. కొర్రమట్టల సంచి పట్టుకుని, గుమ్మంలో నిలబడి, నవ్వుతూ చెప్పాడు. ఆ మిరుగు నాటికే నేను అరుస్తున్నాను. ఆ మిరుగు నాటికే ఈయనకు వినపడటం లేదు. వాడు చెప్పి వెళ్లాడు, నేను చీపురు పట్టుకుని తరిమాను.

బస్సు గోదావరి వంతెన ఎక్కింది. నీళ్లు సగం కూడా లేవు, ఇసుక తెల్లగా తేలి ఉంది. ఆయన దాన్ని చూస్తూ, "ఈ మిరుగుకు అత్తమ్మను మనింటికి పిలుద్దామే. చేప వండు. మస్తు దినాలాయె" అన్నాడు.

నేను ఆయన భుజానికి దగ్గరగా జరిగి, పెళ్లినాటి నా గొంతుతో, మెల్లగా అన్నాను. "ఆనాడు గూడ నీకు ఇనవడలేదు."

ఆయన నది వైపే చూస్తున్నాడు. నా ఊపిరి తగిలిందో ఏమో, కాసేపటికి తిరిగాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఏమన్నవే?"

"ఏం లేదు."

"ఆఁ?"

"ఏం లేదు" అని అరిచాను. బస్సులో వాళ్లంతా తిరిగి చూశారు.